గుమ్మం దాటిన త్రాసు

కంపెనీ మనిషి కాలిపోయిన కొట్టు ముందు చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టినప్పుడు మల్లికార్జునానికి అతని మీద గౌరవం కలిగింది. కొట్టుకు పైకప్పు లేదు, తలుపుల్లేవు, గోడలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. అలాంటి చోట కూడా గుమ్మం బయట చెప్పులు విడిచాడంటే పెంపకం ఉన్నవాడే అనుకున్నాడు ముసలాయన. ఆ గౌరవంతోనే నోరు విప్పాడు. విప్పకుండా ఉంటే ఎలా ఉండేదో ఇప్పుడు అనుకుని లాభం లేదు.

వచ్చినతని పేరు హరిప్రసాద్. నిప్పంటుకున్న కొట్ల సంగతి విచారించడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన మనిషి. గొంతు పెంచడు. అడిగిందే అడగడు. ప్రశ్న వేసి, జవాబు అయిపోయాక కూడా ఇంకాసేపు ఎదురుచూస్తాడు. ఆ నిశ్శబ్దం భరించలేక ఎదుటివాడు ఇంకో మాట చెప్పేస్తాడు.

ఆత్మకూరు బజారులో మల్లికార్జునం కిరాణా హోల్‌సేల్ కొట్టంటే తాతల నాటిది. ఆషాఢం చివర్లో, ముసలాయన జ్వరంతో వారం రోజులుగా ఇల్లు కదలని సమయంలో, ఒక రాత్రి నూనె డబ్బాలతో, బెల్లం దిమ్మెలతో సహా తగలబడింది. వెనక గదిలో పడుకున్న హమాలీ శీనయ్య కూడా అందులోనే పోయాడు. కరెంటు వైర్లు రాసుకున్నాయని పోలీసులు రాసుకుని వెళ్ళారు. కంపెనీ మాత్రం అవునని అనక, కాదని అనక నాన్చుతూ వచ్చి, చివరికి ఈ మెత్తటి మనిషిని పంపింది.

హరిప్రసాద్ కొట్టంతా ఒకసారి తిరిగి, గల్లాపెట్టె ఉండే చోట ఆగి తలెత్తాడు. ఇనుప దూలానికి ఒక కొక్కెం వేలాడుతోంది.

"ఈడ ఏముండేది సార్?"

"మా తాత త్రాసు," అన్నాడు మల్లికార్జునం. ఆ మాట అనేటప్పుడు ఇంత బూడిదలోనూ అతని నడుము నిటారుగా అయింది. "ఇత్తడి చిప్పలు. ఇప్పుడంతా కరెంటు కాటాలే గానీ, పొద్దున్నే బోణీ మాత్రం దాంట్లోనే. గుప్పెడు పసుపుకొమ్ములు తూచి గానీ గిరాకీ మొదలుపెట్టం. అది మాకు లక్ష్మి. గుమ్మం దాటనియ్యం."

"ఎప్పుడూ దాటదా సార్?"

"కొట్టు మారిస్తే దాటుద్ది. అప్పుడు ముందు త్రాసు పోవాల, తర్వాతే సరుకు. మా నాయన పాత బజారు నించి ఈడికొచ్చినప్పుడు తలమీద పెట్టుకొని నడిచినాడు."

హరిప్రసాద్ తల ఊపాడు. "మాదీ కావలిలో కొట్టే సార్. మా నాయన కూడా ఇట్టాగే చెప్పేవాడు."

"అయితే నీకు నేను చెప్పేదేముండాది బాబూ!" అని మురిసిపోయాడు మల్లికార్జునం.

"బూడిదంతా జల్లెడ పట్టించినాను సార్. గల్లాపెట్టె తాళం దొరికింది. కాటా చట్రం దొరికింది. ఇత్తడి చిప్పలు దొరకలా. కరిగినా ముద్దన్నా ఉండాల గదా."

"మంటలార్పను ఊరంతా వచ్చినారు. ఎవడో ఎత్తకపోయుంటాడు."

"కావచ్చు సార్," అన్నాడు హరిప్రసాద్. అని, తన అలవాటు ప్రకారం ఊరికే నిలబడ్డాడు.

ఆ నిలబడటం మల్లికార్జునానికి పట్టరాని కోపం తెప్పించింది. త్రాసే లేదనుకుంటున్నాడా ఏంది వీడు? "నమ్మకం లేకుంటే ఉదయగిరి పో! మా అక్క సుబ్బరత్నమ్మ ఉండాది. మా నాయన ఆ త్రాసు పట్టుకొని కూర్చున్న ఫోటో ఆమె కాడ ఉండాది. రథం వీధిలో ఎవర్నడిగినా ఇల్లు చూపిస్తారు."

గోడవారగా నిలబడి ఉన్న కొడుకు ఆనందకుమార్ తండ్రి వైపు ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు. హరిప్రసాద్ ఇద్దరికీ దండం పెట్టి చెప్పులేసుకున్నాడు.

కొన్నాళ్ళకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆనందకుమార్ చదివి తెలుగులో చెప్పాడు. చెప్పేటప్పుడు వాడి గొంతు వాడిది కానట్టుంది. నిప్పు అంటుకోవడానికి ముందే కొట్టులోంచి త్రాసుతో సహా కొన్ని వస్తువులు తరలించినట్టు కనబడుతోందట. అందుకని నష్టపరిహారం ఇవ్వలేరట. అభ్యంతరం ఉంటే యజమాని రాతపూర్వకంగా చెప్పుకోవచ్చునట, వాళ్ళ మనిషి మళ్ళీ వచ్చి వాంగ్మూలం తీసుకుంటాడట.

మల్లికార్జునానికి తల కొట్టేసినట్టయింది. డబ్బు రాకపోతే పోయె. తరలించారనడం ఏమిటి? మూడు తరాలుగా ఒక్క తూకం తప్పు తూచని చోట, దొంగ అనే మాటను ఇంగ్లీషులో రాసి పంపుతారా? వీధిలోకి వినబడేలా అరిచాడు.

"త్రాసు మేమే తీసినామంట! కొట్టుకు నిప్పు పెట్టుకునేవోడు గల్లాపెట్టె తీసకపోతాడు గానీ త్రాసు తీసకపోతాడా? ఎవడికి కావాలరా ఆ ఇత్తడి?"

"వదిలెయ్ నాయనా," అన్నాడు ఆనందకుమార్. "లాయరు చూసుకుంటాడు."

"నేను పోయి ఆ ఫోటో తెస్తా. అక్కడుండేదని మూతి మీద కొట్టినట్టు చూపిస్తా."

"ఫోటోతో ఏమవుద్ది? ఆ ఎండలో ఉదయగిరి దాకా ఎందుకు నువ్వు?" కొడుకు మొహంలో చెమట పట్టింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. కొట్టు కాలిన నాటి నుంచి వాడు సరిగ్గా తినడం లేదు, పనుంటే తప్ప బజారు వైపు రావడం లేదు. కష్టం అలాంటిది మరి, పిలగాడు తట్టుకోలేకపోతున్నాడని తండ్రి జాలిపడ్డాడు.

అతన్ని తరిమింది పరువొక్కటే కాదు, ఓబమ్మ కూడా. ఓబమ్మ శీనయ్య భార్య. రోజూ పొద్దున్నే కొట్టు ముందు ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేయడం ఆమె పని. కొట్టు కాలిపోయినా ఆ పని మానలేదు. మొండిగోడల ముందు ముగ్గు వేసి, చీపురు పక్కన పెట్టి, "కంపెనీ ఏమన్నాదయ్యా?" అని అడుగుతుంది. అడిగి, జవాబు కోసం పట్టుబట్టకుండా వెళ్ళిపోతుంది. కంపెనీ ఇచ్చిన మొదటి డబ్బు నీదేనని శీనయ్య చితి దగ్గర మల్లికార్జునం ఆమెకు మాటిచ్చాడు. ఆ మాట ఇప్పుడు గొంతులో ఎముకలా అడ్డం పడి ఉంది.

లాయరు చేత అభ్యంతరం రాయించి పంపి, కంపెనీ మనిషి వస్తానన్న దానికి ముందు రోజు పొద్దున ఉదయగిరి బస్సెక్కాడు.

ఉదయగిరిలో దిగేసరికి కొండ మీద కోట గోడలకు మబ్బు కమ్ముకుని ఉంది, వాన మాత్రం లేదు. కొయ్య చెంచాలు చెక్కేవాళ్ళ వీధిలోంచి నడుస్తుంటే ఉలి చప్పుళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. పని చేసుకునేవాళ్ళు తలెత్తి అతన్ని చూసి దండం పెట్టారు. ఎప్పుడూ లేని మర్యాద ఇదేమిటా అనుకున్నాడు. అక్క ఇంటి మలుపు తిరిగేసరికి ఇద్దరు ఆడవాళ్ళు కొబ్బరిచిప్పలు పట్టుకుని ఆ గడపలోంచి బయటకు వస్తున్నారు. ఇవాళ అక్క ఇంట్లో పూజలేమున్నాయబ్బా అని లోపలికి తొంగిచూశాడు.

ఉయ్యాల కొక్కేనికి త్రాసు వేలాడుతోంది.

ఇత్తడి చిప్పలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. దండెకు చామంతి దండ. కింద దీపం. ఎడమ చిప్ప అంచున చిన్న సొట్ట. ఏడేళ్ళ వయసులో తానే కింద పడేసి, నాయన చేత దెబ్బలు తిన్న సొట్ట.

"రే మల్లీ! రారా, రా. ఇన్నాళ్ళకు తీరిందా నీకు?" సుబ్బరత్నమ్మ మోకాళ్ళ నొప్పులతో లేవలేక మంచం మీద నుంచే చేతులు చాపింది.

"ఏందక్కా ఇది?"

"ఏందంటావేందిరా, మన లక్ష్మి! ఆనంద్ చెప్పలా నీకు? చెప్తానన్నాడే! నేను ఫోన్‌లో చెప్దామంటే నువ్వు రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తివి."

మల్లికార్జునం త్రాసు దగ్గరికి వెళ్ళి ఆ సొట్ట మీద వేలు పెట్టి చూశాడు.

"కొట్టు కాలకముందు బుధవారం వాడే కార్లో తెచ్చిచ్చినాడు," అంది సుబ్బరత్నమ్మ. "మెరుగు పెట్టించాలత్తా, శ్రావణ శుక్రవారం దాకా నీకాడ ఉండనీ, గుమ్మం దాటించినానని తెలిస్తే నాయన చంపుతాడు అన్నాడు. పొద్దున్నే తల్లో నీళ్ళు పోసుకొని, గుడ్డలో చుట్టుకొని, ఎంత భక్తిగా తెచ్చినాడో! రెండు దినాలకే కొట్టు కాలిపాయె. చూసినావా తల్లి మహిమ? కాలబోతాదని ముందే తెలిసి, పిలగాడి మనసులో దూరి బయటకొచ్చేసింది. ఊరు ఊరంతా వచ్చి టెంకాయలు కొట్టి పోతావుండారు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆనందంతోనే తిరిగాయి. ఆ ముసలామెకు పాపం అంతకు మించి ఏ ఊహా లేదు.

తాను వీధికెక్కి అరిచిన మాట మల్లికార్జునానికి మళ్ళీ వినబడింది. ఎవడికి కావాలరా ఆ ఇత్తడి? ఇంకెవడికీ అక్కర్లేదు. తన కొడుక్కి తప్ప ఈ భూమ్మీద ఎవడికీ అక్కర్లేదు. గల్లాపెట్టె కాలిపోనిచ్చి, సరుకంతా కాలిపోనిచ్చి, ముందు త్రాసు పోవాలనే మాటను మాత్రం వాడు తు.చ. తప్పకుండా పాటించాడు. ఆ మాట నేర్పింది తనే.

"దీన్ని ఎవరెవరు చూసినారక్కా?"

"చూడనోళ్ళెవరని అడుగు. మొన్నామధ్య ఒకాయన కారేసుకొని వచ్చినాడు, నీ పేరు చెప్పినాడు. నాయన ఫోటో చూపించమ్మా అన్నాడు. ఫోటో ఎందుకబ్బయ్యా, త్రాసే ఉండాది గదా అని ఇదే చూపించినా. బంగారట్టాంటి మనిషిరా. చెప్పులు వీధిలోనే విడిచినాడు. టెంకాయ తెచ్చి కొట్టించినాడు. కళ్ళు మూసుకొని చానాసేపు నిలబడినాడు. ఎవరు తెచ్చినారు, ఏ వారం తెచ్చినారు, అన్నీ అడిగి తెలుసుకొని, ఫోన్‌లో ఫోటో తీసుకొని పోయినాడు."

అక్క పెట్టిన అన్నం అట్లాగే వదిలి లేచాడు. దండ తీసి, త్రాసును గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంటుంటే సుబ్బరత్నమ్మ, "శుక్రవారం దాకా ఉండనీరా," అంది. "కొట్టులో పనుండాది దీంతో," అన్నాడు. అబద్ధం కాదు.

తిరుగు బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గుంట వచ్చినప్పుడల్లా చిప్పలు ఒకదానికొకటి తగిలి మోగాయి. పక్కసీటు ఆయన, "ఏంది పెద్దాయనా, దేవుడి సామానా?" అని అడిగాడు. ఔనన్నాడు. వాగు వంతెన వచ్చినప్పుడు కిటికీ తలుపు తీశాడు. విసిరేస్తే పోతుంది. ఆ కంపెనీవాడి ఫోన్‌లో ఉన్న బొమ్మ వేరే త్రాసుదని వాదించవచ్చు. అక్క వయసైపోయి ఏదో వాగిందని అనవచ్చు. కొడుకు బయటపడతాడు, ఓబమ్మకు ఇచ్చిన మాట కూడా నిలుస్తుంది. సంచిని కిటికీ దాకా ఎత్తాడు. చేతులు అంతకు మించి లేవలేదు. వంతెన వెనక్కి పోయింది. వాడికీ ఇలాగే లేవలేదు కాబోలు చేతులు, అనుకున్నాడు. అనుకున్నాక తన మీద తనకే రోత పుట్టింది.

ఆత్మకూరులో ఇల్లు చేరేసరికి దీపాల వేళయింది. ఆనందకుమార్ వరండాలోనే ఉన్నాడు. సంచిలోంచి వచ్చిన చప్పుడు వినగానే లేచి నిలబడ్డాడు. చూడాల్సిన అవసరం వాడికి లేకపోయింది.

"అత్త ఇచ్చిందా?" అన్నాడు.

"ఎందుకు చేసినావురా?"

కొడుకు కట్ట తెగినట్టు మాట్లాడాడు. "గిరాకీ యాడుండాది నాయనా? ఊరంతా ఫోన్లలో తెప్పించుకుంటావుండారు. నువ్వు పొద్దున పసుపుకొమ్ములు తూచి పడక్కుర్చీలో కూర్చుంటావు, బాకీలోళ్ళు నా గొంతు మీద కూర్చుంటారు. నీకు చెప్తే కొట్టు మూసేవాడివా? ప్రాణం పోయినా మూయవు. కాలిపోతే తప్ప అది మూతపడదు." గొంతు తగ్గించాడు. "ఇప్పుడు కూడా ఏం మించిపోలా. రేపు ఆయనొస్తాడు. అది వేరే త్రాసని నువ్వొక్క మాట చెప్పు చాలు. నువ్వు అబద్ధం చెప్తావని జిల్లాలో ఎవడూ అనుకోడు. డబ్బులొస్తే ఓబమ్మకిద్దాం. ఎంతడిగితే అంతిద్దాం."

మల్లికార్జునం సంచి కింద పెట్టాడు. ఆనందకుమార్ దాని వైపు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"శీనయ్య?" అన్నాడు తండ్రి.

"ఆ పొద్దు వాడు వాళ్ళ ఊరికి పోతానన్నాడు నాయనా. పోయినాడనుకున్నా. ఒట్టు, పోయినాడనే అనుకున్నా!"

"వెనక గదిలోకి తొంగిచూసినావా?"

ఆనందకుమార్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"త్రాసు సంగతి అట్టా అనుకోలేదే నువ్వు. అదెట్టనో తప్పించుకుంటుందిలే అనుకోలేదే. తలకు పోసుకొని, గుడ్డలో చుట్టి, చేతులతో మోసుకపోయినావే!"

ఆనందకుమార్ వరండా స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. లోపల కోడలు ఏడుపు వినబడింది. మల్లికార్జునానికి కొడుకును కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చేయలేక సంచి తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఒక్కడే కొడుకు. నిజం చెబితే వాడు జైలుకు పోతాడు. చెప్పకపోతే ఈ ఇంట్లో వాడితో కలిసి అన్నం తినాలి, రోజూ పొద్దున ఓబమ్మ మొహం చూడాలి.

తెల్లారి సంచి పట్టుకుని కొట్టు దగ్గరికి నడిచాడు. మసి వాసన ఇంకా పోలేదు. ఆ వాసన బజారులో అందరికీ అలవాటైపోయింది, ఇవాళ మాత్రం అతనికి కొత్తగా ముక్కుకు కొట్టింది. ఓబమ్మ కళ్ళాపి చల్లి, వంగి ముగ్గు వేస్తోంది. అతను ముగ్గు తొక్కకుండా గుమ్మం దాటి లోపలికి వెళ్ళి, గుడ్డ విప్పి, దూలానికున్న కొక్కేనికి త్రాసు తగిలించాడు. పసుపు రాసిన ఇత్తడి ఆ నల్లటి గోడల మధ్య మిలమిలా మెరుస్తుంటే చూడటానికి భయం వేసింది.

ఓబమ్మ తలెత్తి చూసి ముగ్గుచిప్ప కింద పెట్టేసింది. చేతులు జోడించింది. "దొరికిందా అయ్యా? అయితే కంపెనీవోళ్ళు ఇంక ఒప్పుకుంటారా?"

"ఓబమ్మా, ఇట్టా వచ్చి కూర్చో."

ఆమె కూర్చోలేదు. ఆ కొట్టులో ఆమె ఏనాడూ కూర్చున్నది కాదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. మల్లికార్జునం నిలబడే చెప్పాడు. కొట్టు తనంతట తాను కాలలేదని, కాల్చింది తన కొడుకేనని, కాల్చే ముందు త్రాసును ఉదయగిరికి తీసుకెళ్ళి దాచాడని, శీనయ్య ఊరికి పోయాడనుకున్నాడట, వెనక గది చూడలేదట అని. చెబుతున్నంతసేపూ ఆమె అరుస్తుందనుకున్నాడు, మట్టి తీసి మొహాన కొడుతుందనుకున్నాడు. అలా చేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

బయట కారు ఆగింది. హరిప్రసాద్ దిగి, ఎప్పటిలాగే గుమ్మం ముందు చెప్పులు విడిచి, కొక్కేనికి వేలాడుతున్న త్రాసును చూసి అక్కడే ఆగిపోయాడు. ఆశ్చర్యపడినట్టు లేడు.

ఓబమ్మ అతన్ని పట్టించుకోలేదు. మెల్లగా లోపలికి వచ్చి, త్రాసు చిప్ప కింద అరచెయ్యి పెట్టి కొద్దిగా ఎత్తి చూసింది. బరువు చూసినట్టే చూసింది.

"దీన్ని అంతదూరం మోసుకపోయినాడా చిన్నయ్య?"

"ఆఁ."

"మా ఆయన్ను మొయ్యాల్సిన పని కూడా లేదే అయ్యా," అంది ఓబమ్మ. "లెయ్ శీనయ్యా అంటే లేచి, తన కాళ్ళ మీద తనే నడిచొచ్చేవోడు గదా."

చెయ్యి తీసేసింది. త్రాసు కాసేపు ఊగి ఆగింది. మల్లికార్జునం హరిప్రసాద్ వైపు తిరిగాడు.

"ముందు ఈమె అన్న మాట రాసుకో బాబూ," అన్నాడు. "తర్వాత నేను చెప్తా."